కుక్కపిల్ల కొట్టు గడప దాటవచ్చా?

మమకారం ఒక పక్క... తినే సరుకు శుభ్రం మరో పక్క

సాయంత్రం అయిదు దాటింది. గోదావరి డెల్టాలో కాలువ గట్టునున్న ఓ మండల కేంద్రం. బస్టాండు ఎదుట కిరాణా కొట్టు కిటకిటలాడుతోంది. కూలి డబ్బులు చేతబట్టుకుని వచ్చినవారు కొందరు. మర్నాటి వ్రతానికి సరుకుల చీటీ పట్టుకుని నిలబడిన ఇల్లాళ్లు కొందరు. అంతలో రిటైరైన మాస్టారొకరు వచ్చారు. ఒక చేతిలో సంచి, మరో చేతిలో తెల్లగా దూదిపింజలా ఉన్న చిన్న కుక్క. చీటీ తీయడానికి కుక్కను కింద దించారు. అది తోక ఊపుకుంటూ వెళ్లి, మూతి విప్పిన కందిపప్పు బస్తాలో ముక్కు పెట్టింది.

వెనక నిలబడిన ఇల్లాలు అది చూసింది. "షావుకారుగారూ, నాకు ఆ బస్తాలో పప్పు వద్దండి. వేరేది విప్పండి" అంది.

మాస్టారి ముఖం ఎర్రబడింది. "దీనికి టీకాలన్నీ వేయించానమ్మా. వారం వారం స్నానం చేయిస్తాను. మనుషుల కంటే శుభ్రంగా ఉంటుంది" అన్నారు.

"మీకు ముద్దు కావచ్చు మాస్టారూ. ఆ పప్పు వండుకు తినేది మేము కదండీ" అని ఆమె జవాబు.

షావుకారు ఎవరి వైపూ మాట్లాడలేకపోయాడు. మాస్టారు ఇరవై ఏళ్ల ఖాతాదారు. ఆ ఇల్లాలు నెలనెలా రొక్కమిచ్చి సరుకు పట్టుకెళ్లే మనిషి. చివరికి ఆమెకు వేరే బస్తా విప్పాడు. మాస్టారు సరుకు తీసుకోకుండానే వెనుదిరిగారు. ఆ రాత్రికి ఊరు రెండుగా చీలి అరుగుల మీద వాదించుకుంది.

ఇలాంటి తగువు ఇప్పుడు ఒక ఊరికే పరిమితం కాదు. చిన్న జాతి కుక్కలు పల్లెలకు వచ్చిన కొద్దీ కిరాణా కొట్టు, టిఫిను హోటలు, మిఠాయి దుకాణం, మందుల షాపు, బట్టల కొట్టు... అన్నిచోట్లా ఇదే ప్రశ్న. పెంపుడు కుక్కను కొట్లోకి తీసుకురావచ్చా, రాకూడదా?

వాకిలి నుంచి ఒడిలోకి

ఒకప్పుడు పల్లెలో కుక్క అంటే వాకిట్లో ఉండేది. పశువుల పాకకు, కళ్లానికి, కొబ్బరి తోటకు అది కాపలా. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన ముద్ద వేస్తే తిని అరుగు కింద పడుకునేది. యజమాని సంతకు వెళితే ఊరి పొలిమేర దాకా వెంట వచ్చి, అదిలిస్తే వెనక్కు పోయేది. దాన్ని కొట్లోకి తీసుకెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ లేదు.

ఇప్పుడు పామరేనియన్లు, పగ్గులు వచ్చాయి. ఇవి వాకిట్లో పడుకునేవి కావు. మంచం మీద, సోఫా మీద ఉంటాయి. స్కూటరు మీద ముందు నిలబడి ఊరంతా తిరుగుతాయి. చంకలో ఇమిడిపోతాయి కనుక ఎక్కడికైనా వెంట వస్తాయి.

ఇందులో సరదా ఒక్కటే లేదు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటే ఊళ్లో పెద్ద పెద్ద డాబాల్లో ఇద్దరే ముసలివాళ్లు మిగులుతున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు పోతే మిగిలేది ఒక్కరే. అలాంటి ఇళ్లలో ఆ కుక్కే మాట, ఆ కుక్కే సందడి. దాన్ని ఒంటరిగా ఇంట్లో పెట్టి తాళం వేస్తే వీధంతా వినపడేలా ఏడుస్తుంది. పైన చెప్పిన మాస్టారిది కూడా అలాంటి ఇల్లే. భార్య పోయి మూడేళ్లయింది. సాయంత్రం కొట్టుకు వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి రావడం ఆయనకు సరుకు కంటే ముఖ్యమైన పని. కుక్కను రానివ్వమంటే ఆయన కూడా రానట్టే.

కాబట్టి "కుక్కను తెచ్చినవాడిదే తప్పు" అని ఒక్క మాటలో తేల్చేసే వ్యవహారం కాదిది. అట్లాగని ఆ ఇల్లాలి మాటను చాదస్తమని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. ఆమె వెనక ఇద్దరు చంటిపిల్లలున్నారు. ఆమె అడిగింది తన డబ్బు పెట్టి కొనే తిండి శుభ్రంగా ఉండాలనే.

పిల్లికి లేని అడ్డు కుక్కకా?

ఆ రాత్రి అరుగు మీద మాస్టారి పక్షం వారు లేవదీసిన వాదం గట్టిదే. "షావుకారు గల్లాపెట్టె పక్కన పిల్లి పడుకుంటుంది. బియ్యం బస్తాల మీద నడుస్తుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు. కొట్టు ముందు వీధి కుక్కలు నాలుగు పొర్లుతుంటాయి. టీకా వేయించిన మా మాస్టారి కుక్క ఒక్కటే కంట్లో నలుసైందా?"

పిల్లి లేకపోతే ఎలుకలు బస్తాలు కొరికేస్తాయన్నది షావుకార్ల సమాధానం. అదీ నిజమే. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. వరి పొలాల్లో దిగే కూలీలకు, రైతులకు ఈ జ్వరం సోకే అవకాశం మరీ ఎక్కువ.

అయితే చట్టం మాత్రం పిల్లికీ కుక్కకూ తేడా చూపలేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో లైసెన్సుల నిబంధనలు వచ్చాయి. వాటి నాలుగో షెడ్యూలులో ఆహార వ్యాపారం చేసే చోట పాటించవలసిన శుభ్రత గురించి ఉంది. జంతువులను, పక్షులను, పెంపుడు ప్రాణులను ఆహార పదార్థాలుండే ఆవరణలోకి రానివ్వకూడదని అందులో స్పష్టంగా చెప్పారు. ఎలుకలు రాకుండా కన్నాలు పూడ్చాలి, తూములకు జల్లెడలు బిగించాలి అని కూడా ఉంది. అంటే ఎలుకకు మందు పిల్లి కాదు. బస్తాలను నేల మీద నుంచి ఎత్తుగా బల్లల మీద పెట్టడం, కన్నాలు మూయడం, మూతలున్న డబ్బాలు వాడడం, బోను పెట్టడం అసలు మందు.

ఈ నిబంధన సంగతి పల్లెల్లో చాలామంది షావుకార్లకు తెలియదు. లైసెన్సు కాగితం గోడకు అంటిస్తారు, షరతులు చదవరు. అందుకే ఖాతాదారు కుక్కను తెచ్చినప్పుడు "వద్దు" అనడానికి నోరు రాదు. "ఇది నా మాట కాదండీ, సర్కారు నిబంధన" అని చెప్పగలిగితే తగువు సగం తీరుతుంది. కాకపోతే ఆ మాట చెప్పే ముందు గల్లాపెట్టె పక్కన పిల్లిని కూడా బయటకు పంపాలి. తనకో న్యాయం, ఖాతాదారుకో న్యాయం అంటే ఊరు ఒప్పుకోదు.

అసలు భయం దేనికి?

కుక్క ముక్కు పెట్టిన పప్పు ఉడికించి తింటే రేబిస్ వస్తుందా? రాదు. రేబిస్ వచ్చేది కాటు వల్ల, గోళ్లతో గీరడం వల్ల, తెగిన చర్మం మీద, నోటి లోపల, కంట్లో లాలాజలం పడడం వల్ల. ఈ విషయంలో అనవసరమైన భయం పెట్టుకోనక్కరలేదు.

అయితే ఇరుకు కొట్లో భయం వేరే ఉంది. పది మంది కాళ్ల మధ్య చిన్న కుక్కను దింపితే దానికి దారి కనపడదు. ఎవరో తోక తొక్కుతారు. మరెవరి పిల్లవాడో ముద్దుగా ఉందని చెవి పట్టి లాగుతాడు. ఇంట్లో ఎంత సాధువైన కుక్క అయినా బెదిరితే పళ్లు చూపిస్తుంది. పిల్లల ముఖం దాని ఎత్తులోనే ఉంటుంది కనుక కాటు ముఖానికి, మెడకు పడే ప్రమాదం ఎక్కువ. అలాంటి చోట పడిన కాటు కాలి మీద కాటు కంటే ప్రమాదం. అక్కడి నుంచి మెదడు దగ్గర.

దేశంలో 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవారిలో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రపంచంలో రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవారిలో పదిహేనేళ్లలోపు పిల్లలే దాదాపు నలభై శాతం. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి తొంభై తొమ్మిది వంతుల వరకు కుక్క వల్లనే వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోయే స్థితికి వచ్చిన రోగిని బతికించడం దాదాపు అసాధ్యం.

రెండో భయం బద్దె పురుగుది. గొర్రెలు, మేకలు కోసేచోట పారేసిన కార్జం, ఊపిరితిత్తుల ముక్కలు కుక్కలు తింటాయి. ఆ ముక్కల్లో నీటిబుడగల్లాంటి గడ్డలుంటే, వాటి నుంచి కుక్క పేగుల్లో సన్నని బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో పడి దాని బొచ్చుకూ అంటుకుంటాయి. కంటికి కనపడవు. ఆ చేతితో అన్నం తిన్నా, ఆ గుడ్లు అంటిన కూర పచ్చిగా తిన్నా మనిషి కడుపులోకి చేరతాయి. కొన్నేళ్లకు కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో పెద్ద గడ్డ తేలుతుంది. ఆపరేషను దాకా పోవచ్చు. దీన్నే వైద్యులు హైడాటిడ్ జబ్బు అంటారు.

అందువల్ల పచ్చిగా తినే సరుకు అమ్మే చోట జాగ్రత్త మరింత కావాలి. కొత్తిమీర, టమాటాలు, పళ్లు, బెల్లం, అటుకులు, కాజాలు, పూతరేకులు... ఇవేవీ ఇంటికి తెచ్చి ఉడికించేవి కావు.

'చిన్నదేగా' అనే పొరపాటు

చిన్న కుక్క కరిస్తే ఏమీ కాదన్న నమ్మకం పల్లెల్లో గట్టిగా ఉంది. "పాలు తాగే కూన, పళ్లే సరిగా రాలేదు" అని తుడిచేసుకునేవారున్నారు. ఇది ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. రేబిస్ సోకిన తల్లి దగ్గరో, వీధి కుక్క కాటు వల్లనో కూనకూ ఆ జబ్బు రావచ్చు. పైగా కుక్కపిల్లకు టీకా మొదలుపెట్టేదే మూడు నెలల వయసులో. అంతవరకు దానికి రక్షణ లేదు.

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్నది సామెత వరకే బాగుంటుంది. కాటుకు మొదటి మందు సబ్బు నీళ్లు. ధారగా పోసుకుంటూ పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగాలి, ఎందుకంటే అంతసేపు ఎవరికీ ఓపిక ఉండదు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. మంత్రం వేయించుకుని ఇంటికి పోకూడదు. కడిగిన వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి.

పాతతరం వారికి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు గుర్తున్నాయి. ఆ భయంతో ఆసుపత్రికి పోనివారు ఇప్పటికీ ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందు తయారీ దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పటి టీకా చేతికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో కరిచిన రోజున, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజున మరొకటి ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మరో మందు కూడా వేయాలి. అది చిన్న ఆసుపత్రిలో లేకపోతే పెద్దాసుపత్రికి పంపుతారు. వెళ్లడానికి బద్ధకించరాదు. రెండు ఇంజక్షన్లు వేయించుకుని "తగ్గిపోయింది" అని మానేయడం కూడా ప్రమాదమే.

కరిచిన కుక్కను చంపకూడదు. పది రోజులు కనిపెట్టి చూడాలి. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దానికి రేబిస్ లేనట్టే. ఆ తర్వాత మిగతా ఇంజక్షన్ల సంగతి డాక్టరు చెబుతారు. అయితే పది రోజులు చూశాక టీకా మొదలుపెడదామని ఆగకూడదు. టీకా ఆనాడే మొదలుకావాలి.

కుక్కకూ కొట్టు క్షేమం కాదు

ఈ వాదంలో ఎవరూ తలచుకోని పక్షం ఒకటుంది. అది కుక్క పక్షం.

పల్లెటూరి కిరాణా కొట్టులో ఎలుకల మందు మూలమూలనా ఉంటుంది. బిస్కెట్ల పక్క అరలోనే ఎలుకల బిళ్లలు అమ్మే కొట్లున్నాయి. అది వాసనకు తీయగా, తినేదానిలాగా ఉండాలనే తయారుచేస్తారు. ఎలుకను రప్పించే వాసన కుక్కనూ రప్పిస్తుంది. నాలుగు కిలోల కుక్కకు చిన్న ముక్క చాలు.

ఎరువులు, పురుగుమందుల కొట్టు మరీ ప్రమాదం. డబ్బాలు కారి నేల మీద మరకలుంటాయి. గుళికలు ఒలికి మూలల్లో పడి ఉంటాయి. మనిషి చెప్పులతో నడుస్తాడు. కుక్క వట్టి కాళ్లతో నడిచి, ఇంటికి పోయి ఆ కాళ్లే నాకుతుంది. సాయంత్రానికి నోట నురగ. కారణం తెలియదు. "ఎవరో మందు పెట్టారు" అని పక్కింటివారి మీద అనుమానం. మరో తగువు మొదలు.

మందుల షాపులో కింద పడిన మాత్రలు, కొట్టులో పిల్లలు పెట్టే చాక్లెట్లు, ఉల్లిపాయ వేసిన పకోడీలు, ఎండు ద్రాక్ష కూడా కుక్కకు కీడు చేసేవే. ప్రేమకొద్దీ పెట్టేవారికి ఇది తెలియదు. కుక్క మీద నిజంగా మమకారమున్నవారు దాన్ని ఇలాంటి చోటుకు తీసుకురాకపోవడమే మేలు.

అమెరికాలో రానిస్తారుగా?

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లివచ్చిన పెద్దలు ఊళ్లో ఓ మాట చెబుతుంటారు. "అక్కడ కుక్కలను కొట్లలోకి తీసుకెళ్తారు. మనకే ఈ పట్టింపులు" అని. ఇది సగం నిజం.

అక్కడ కూడా ఆహార పదార్థాలమ్మే కొట్లలోకి మామూలు పెంపుడు కుక్కలను రానివ్వరు. తలుపు మీద బోర్డులుంటాయి. అంధులకు దారి చూపడానికి, వికలాంగులకు సాయపడడానికి శిక్షణ ఇచ్చిన కుక్కలకు మాత్రం 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రవేశముంది. ఇనప సామాను, తోట సామాను అమ్మే కొట్లలో కొన్ని మాత్రం తమ ఇష్టం మీద పెంపుడు కుక్కలను రానిస్తాయి. ఐరోపా దేశాల్లో కూడా ఆహారం తయారుచేసే, నిల్వ చేసే చోటికి పెంపుడు జంతువులు రాకుండా చూడాలని 2004 నాటి ఆహార శుభ్రత నిబంధనలో ఉంది.

అంటే ఆ దేశాల వారు కూడా ఒక గీత గీసుకున్నారు. తిండి సరుకు ఉన్నచోట వద్దు, మిగిలినచోట కొట్టు యజమాని ఇష్టం. అంధుడి కుక్కకు మాత్రం అడ్డు లేదు. ఆ కుక్క వినోదం కోసం వచ్చింది కాదు. అది ఆ మనిషికి కన్ను. మన ఊళ్లకు అలాంటి కుక్కతో ఎవరైనా వస్తే "కుక్కను బయట కట్టు" అనడం ఊతకర్రను బయట పెట్టమన్నట్టే అవుతుంది.

ఏ కొట్టుకు ఏది తగును?

పల్లెలకు సరిపడే కట్టుబాటు పెద్దగా చిక్కుదేమీ కాదు. కిరాణా, టిఫిను హోటలు, మిఠాయి కొట్టు, పాల కేంద్రం, కూరగాయలు, పళ్లు, మాంసం, చేపల దుకాణాలు... వీటి గడప దగ్గర కుక్క ఆగాలి. ఒళ్లో ఉన్నా, చంకలో ఉన్నా, సంచిలో ఉన్నా ఒకటే. చంకలో ఉన్న కుక్క బొచ్చు కూడా రాలుతుంది. మందుల షాపుకు జబ్బుతో నీరసించినవారు, చంటిబిడ్డలతో తల్లులు వస్తారు కనుక అక్కడా వద్దు. ఎరువులు, పురుగుమందుల కొట్టులోకి కుక్క క్షేమం కోసమే వద్దు.

బట్టల కొట్టు, సెల్‌ఫోను దుకాణం, ఫొటో స్టూడియో, సైకిలు షాపు వంటివాటిలో యజమానిని ముందు అడగాలి. ఆయన సరేనన్నా, లోపల ఉన్నవారిలో ఒక్కరు భయపడినా బయటకు తీసుకుపోవాలి. కుక్కంటే భయపడేవారిని చూసి నవ్వడం, "ఏమీ చేయదండీ" అంటూ మీదకు తీసుకుపోవడం మర్యాద కాదు. చిన్నప్పుడు కాటు తిన్నవారికి ఆ భయం జీవితాంతం పోదు.

మాంసం కొట్ల వారు మరో పని చేయాలి. కార్జం, పేగుల ముక్కలు కుక్కలకు విసరకూడదు. గొయ్యి తీసి పూడ్చాలి. ఆ ఒక్క అలవాటు మానితే బద్దె పురుగు బెడద చాలావరకు తగ్గుతుంది. వీధి కుక్కలు కొట్టు ముందు గుమిగూడి కాట్లాడుకోవడమూ తగ్గుతుంది.

యజమాని బాధ్యత

కుక్కను పెంచేవారు చేయవలసినవి మూడున్నాయి. మొదటిది టీకా. మూడు నెలల వయసులో మొదటిది, కొద్ది వారాలకు మరొకటి, ఆ తర్వాత ఏటా తప్పకుండా. టీకా కార్డు భద్రపరచాలి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1885 జులై 6న కుక్క కరిచిన ఓ పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. దానికి గుర్తుగా ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో పలుచోట్ల కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ రోజును పల్లెలవారు వాడుకోవాలి.

రెండోది నులిపురుగుల మందు. పశువుల డాక్టరును అడిగి మూడు నెలలకోసారి వేయించాలి. పిడుదులు పట్టకుండా చూడాలి. మూడోది వీధిలోకి తీసినప్పుడల్లా మెడపట్టీ, పొట్టి తాడు. వీధిలో మలవిసర్జన చేస్తే పాత కాగితంతో ఎత్తి పారేయాలి. సిగ్గుపడవలసిన పని కాదది. పేడ ఎత్తే చేతులకు అది ఒక లెక్క కాదు.

పల్లెల్లో పెంపుడు కుక్కకు పంచాయతీ లైసెన్సు తీసుకోవాలని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిబంధనలు వచ్చాయి. ఇక పెంపుడు జంతువు వల్ల ఎదుటివారి ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "మా కుక్క ఎవరినీ ఏమీ చేయదు" అన్న మాట కోర్టులో నిలవదు.

అదే చట్టంలో మరోవైపు 325వ సెక్షను ఉంది. కుక్కకు విషం పెట్టి చంపినా, కొట్టి అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కోపమొచ్చి ఎలుకల మందు కలిపిన ముద్ద విసిరేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

షావుకారు బాధ్యత

"గడప దగ్గర ఆపండి" అనడం తేలిక. ఎక్కడ ఆపాలి? మే నెల ఎండలో, కాలిపోయే సిమెంటు రోడ్డు మీద, లారీలు తిరిగే చోట కట్టేసి పొమ్మంటే ఏ యజమానికీ మనసొప్పదు. కారులో అద్దాలు ఎత్తి వదిలితే కొద్ది నిమిషాల్లోనే లోపల నిప్పుల కొలిమి అవుతుంది. కుక్క చచ్చిపోవచ్చు. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం తప్పు కూడా.

కాబట్టి వద్దన్న షావుకారు ఓ చోటు చూపించాలి. కొట్టు పక్కన నీడలో గోడకు ఓ ఇనప కొక్కెం, కింద మట్టి మూకుడులో నీళ్లు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కుక్కతో వచ్చినవారి చీటీ ముందు తీసుకుని సరుకు బయటికే అందిస్తే ఇంకా మంచిది. బండి దిగలేని ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కూడా ఆ వసతి పనికొస్తుంది. "కుక్కలకు ప్రవేశం లేదు" అని రాసేబదులు "మీ కుక్కను ఇక్కడ కట్టండి" అని బాణం గుర్తు వేస్తే ఎవరికీ మనసు నొవ్వదు.

కాలువ గట్టు మండల కేంద్రంలో ఆ తగువు చివరికి అలాగే తీరింది. నాలుగు రోజులు మాస్టారు కొట్టుకు రాలేదు. అయిదో రోజు షావుకారే ఆయన ఇంటికి వెళ్లాడు. "మీరు లేకపోతే సాయంత్రం కొట్టు కొట్టులా లేదండీ. వేపచెట్టు నీడన కొక్కెం కొట్టించాను. పిల్లిని మా పాకలోకి పంపేశాను. పప్పు బస్తాలకు మూతల డబ్బాలు చెప్పాను. రండి మాస్టారూ" అన్నాడు.

ఆ సాయంత్రం మాస్టారు వచ్చారు. కుక్కను వేపచెట్టు కింద కట్టి, బల్ల మీద కూర్చుని పేపరు తిరగేశారు. సరుకు కోసం వచ్చిన ఆ ఇల్లాలు దాన్ని చూసి ఆగింది. ఆమె వెంట ఉన్న పిల్లవాడు ముట్టుకోబోయాడు.

"ఆగు బాబూ. ముందు దానికి చెయ్యి వాసన చూపించాలి. అది తోక ఊపాకే ముట్టుకోవాలి. తర్వాత ఇంటికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కోవాలి" అని మాస్టారు పాఠం మొదలుపెట్టారు.

"అలాగే చెప్పండి మాస్టారూ, నా మాట వినడు" అంటూ ఆమె సరుకుల చీటీ తీసుకుని లోపలికి వెళ్లింది.